ప్రొబేషన్ లెటర్ వస్తే ఇంటికి పంపేసినట్టు కాదమ్మా

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. మావాడు తిరుపతి దగ్గర కాలేజీలో బీటెక్ 8.1 సీజీపీఏతో పాసయ్యాడు. ఇల్లు తాకట్టు పెట్టి 32 లక్షలు లోన్ తీసుకుని మొన్న ఆగస్టులో అమెరికాకి ఎంఎస్ చదవడానికి పంపించాము. పది రోజులుగా ఫోన్ సరిగ్గా ఎత్తడం లేదు. అక్కడే ఉన్న మా తమ్ముడి కొడుకు చెబితే తెలిసింది, మావాడికి మొదటి సెమిస్టర్‌లో జీపీఏ 2.67 వచ్చిందట, యూనివర్సిటీవాళ్ళు ‘అకడమిక్ ప్రొబేషన్’ అని మెయిల్ పెట్టారట. మూడు సబ్జెక్టుల్లో ఒక బి ప్లస్, ఒక బి మైనస్, ఒక సి. అన్నీ పాసే కదా, మరి ఈ లెటర్ ఎందుకు? మెయిల్లో ‘గ్రాడ్యుయేట్ స్టూడెంట్’ అని ఉంది, వాడు ఇక్కడే గ్రాడ్యుయేట్ అయిపోయాడు కదా. ప్రొబేషన్ అంటే జైలు నుంచి వదిలినవాళ్ళకి పెట్టేదని మా తమ్ముడు అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వీసా తీసేస్తారా? హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్ రెండు లక్షలిస్తే వేరే యూనివర్సిటీకి మార్పిస్తానంటున్నాడు, అక్కడ క్లాసులకి పోనక్కర్లేదంట, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చంట. లేకపోతే వెనక్కి వచ్చి తిరుపతిలోనే ఎంటెక్‌లో చేరమందామా? సంక్రాంతికి పిలిపించి కాణిపాకంలో ప్రమాణం చేయించాలని కూడా ఉంది. మా ఆయనకి ఇంకా ఏమీ తెలియదు. – ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: అమ్మా, ప్రొబేషన్ అనే మాట మన ఇళ్ళలో రెండు రకాలుగా వినబడుతుంది. ఒకటి కోర్టు వ్యవహారం. రెండోది సర్కారు ఉద్యోగం. చేరిన రెండేళ్ళకి ప్రొబేషన్ డిక్లేర్ అయితే ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచుతారు. మీ తమ్ముడు మొదటిది పట్టుకుని మిమ్మల్ని భయపెట్టాడు. మీవాడిది రెండోదానికి దగ్గర. ‘నిన్ను తీసెయ్యలేదు, ఫలానా గడువులోగా సరిచేసుకో’ అని రాతపూర్వకంగా చెప్పడం, అంతే. మీ ఆయనకి ఈ మాట చెబితే కొడుక్కి ఉద్యోగం వచ్చిందనుకున్నా ఆశ్చర్యం లేదు.

గ్రాడ్యుయేట్ సంగతి కూడా మాటల తేడానే. మనకి డిగ్రీ పాసైనవాడు గ్రాడ్యుయేట్. వాళ్ళకి మన బీటెక్, బీఎస్సీ చదివేవాళ్ళు అండర్‌గ్రాడ్యుయేట్లు, ఎంఎస్, పీహెచ్‌డీ చేసేవాళ్ళు గ్రాడ్యుయేట్ స్టూడెంట్లు. మీవాడు ఈ రెండో గుంపులోకి వెళ్ళాడు, అక్కడ రూలు గట్టిగా ఉంటుంది.

ఆ రూలు ఏమిటంటే, చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థికి జీపీఏ 4కి 3.0 కంటే తగ్గకూడదు. అంటే సగటున బి గ్రేడు. తగ్గలేదంటే ‘గుడ్ స్టాండింగ్’లో ఉన్నట్టు, తగ్గితే ప్రొబేషన్. ‘అన్నీ పాసే కదా’ అని మీరు అడిగారు చూడండి, మన పిల్లలందరూ అక్కడే తడబడతారు. మన పద్ధతి వేరు. ఇక్కడ బీటెక్‌లో మొత్తం మీద 40 వస్తే పాస్, 60 దాటితే ఫస్ట్ క్లాస్, 75 వస్తే డిస్టింక్షన్, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకునే మార్కులు. యూజీసీ పది పాయింట్ల పట్టికలో కూడా ఓ అంటే 10, బి అంటే 6, సి అంటే 5, ఆ కింద పి అనేది 4, అది కూడా పాసే. అక్కడ 75 మార్కులంటే చాలా క్లాసుల్లో సి. ఎంఎస్ విద్యార్థికి సి అంటే పాసైన కాగితం మీద ఎర్ర సిరాతో గీత గీసినట్టే. కొన్ని యూనివర్సిటీలు ఒకటో రెండో సి లకి మించి డిగ్రీ లెక్కలోకే తీసుకోవు. సి మైనస్ వస్తే ఆ కోర్సు డిగ్రీకి పనికిరాదనే చోట్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీరు టీచర్ కాబట్టి కాగితం తీసుకుని నాతో పాటు వెయ్యండి. ఎక్కువ చోట్ల ఎ కి 4, ఎ మైనస్‌కి 3.7, బి ప్లస్‌కి 3.3, బి కి 3, బి మైనస్‌కి 2.7, సి కి 2 పాయింట్లు. మీవాడు తీసుకున్నవి మూడు కోర్సులు, ఒక్కోటి 3 క్రెడిట్లనుకుందాం, మొత్తం 9. గ్రేడు పాయింట్‌ని క్రెడిట్లతో గుణిస్తే 9.9, 8.1, 6. కూడితే 24. దాన్ని 9తో భాగిస్తే 2.67. మీరు చెప్పిన అంకె ఇక్కడికి సరిపోయింది.

వచ్చే సెమిస్టర్‌లో ఇంకో 9 క్రెడిట్లు చేస్తాడు. మొత్తం 18 అవుతాయి. 3.0 రావాలంటే 18 మూళ్ళు 54 కావాలి. చేతిలో 24 ఉన్నాయి, కాబట్టి ఇంకో 30 తేవాలి. మూడు కోర్సుల్లోనూ బి తెచ్చుకుంటే వచ్చేది 27, జీపీఏ 2.83, ప్రొబేషన్‌లోనే ఉంటాడు. మూడింటిలోనూ బి ప్లస్ తెచ్చాడనుకోండి, వినడానికి ఎంత బాగుంది. 29.7 వస్తుంది, జీపీఏ 2.98. ఒక వెంట్రుకవాసి తక్కువ, అయినా తక్కువే. 2.98ని 3 అనుకుని పోనిచ్చే రిజిస్ట్రార్ ఆఫీసు కోసం ఎదురుచూడవద్దు. ఒక ఎ, రెండు బి లు అయితే సరిగ్గా 30, జీపీఏ 3.0, ఒడ్డున పడతాడు. రెండు బి ప్లస్‌లు, ఒక ఎ మైనస్ వస్తే 3.05. అంటే వాడికి కావలసింది ఒక కోర్సులో గట్టి మార్కు, మిగతా రెండింటిలో జారిపోకుండా ఉండడం. 8.1తో బీటెక్ చేసిన పిల్లవాడికి ఇది కొండ కాదు. కానీ ‘ఈసారి బాగా చదువుతాలే అమ్మా’ అన్న మాటతో తేలే లెక్క కూడా కాదు. ఏ కోర్సులో ఏ గ్రేడు కావాలో ముందే తెలిసి ఉండాలి.

సి వచ్చిన కోర్సు మళ్ళీ చదివితే? కొన్నిచోట్ల పాత గ్రేడు తీసేసి కొత్తది వేస్తారు. అలా అయితే సి బదులు బి వచ్చినా మొదటి సెమిస్టర్ లెక్క 27కి చేరి సరిగ్గా 3.0 అవుతుంది, చాలా లాభం. ఇంకొన్నిచోట్ల పాతదీ కొత్తదీ రెండూ కలిపి లెక్కిస్తారు, అప్పుడు లాభం సగమే. ఇది వాళ్ళ గ్రాడ్యుయేట్ క్యాటలాగ్‌లో రాసి ఉంటుంది. అదే క్యాటలాగ్‌లో ప్రొబేషన్ ఒక సెమిస్టరా రెండా, గడువులోగా రాకపోతే డిస్మిసల్ ఎప్పుడు, అప్పీలు ఎవరికి పెట్టుకోవాలి అన్నవి కూడా ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పింది వాడి యూనివర్సిటీ రూలు. మీవాడు తన క్యాటలాగ్ తను చదవాలి. మెయిల్ కింద లింకు ఉండే ఉంటుంది, మనవాళ్ళు అక్కడిదాకా చదవరు.

అసలు 8.1 కుర్రాడికి సి ఎలా వచ్చింది? నేను తిరుపతిలో పీజీ పిల్లలకి 28 ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, అందుకని ఈ ముక్క నాకు బాగా తెలుసు. మన దగ్గర సెమిస్టర్ అంతా ఒక ఎత్తు, చివరి పదిహేను రోజులు ఒక ఎత్తు. పాత ప్రశ్నపత్రాలు, ఆల్ ఇన్ వన్ ముందేసుకుని కూర్చుంటే గట్టెక్కుతారు. పోతే సప్లీ ఉంది. అక్కడ సప్లీ అన్న మాటే లేదు. మొదటి వారం నుంచే మార్కులు పడుతుంటాయి.

మా అన్న కూతురికి కూడా ఆరేళ్ళ కిందట ఇలాంటి లెటరే వచ్చింది. ఆ పిల్ల సిలబస్ కాగితం నేను చూశాను. హోంవర్కులు 30 మార్కులు, మిడ్‌టర్మ్ 25, ప్రాజెక్టు 20, ఫైనల్ 25. హోంవర్కులు ఆరు, ఒక్కోదానికి 5. ఆదివారం రాత్రి 11 గంటల 59 నిమిషాలకి గడువు. అమ్మాయి సాయంత్రాలు క్యాంపస్ క్యాంటీన్లో పని చేసి వచ్చి అలసిపోయి రెండు హోంవర్కులు పెట్టలేదు. ‘అయిదు మార్కులేగా’ అనుకుంది. రెండూ కలిపి పది. 84 రావలసిన చోట 74 వచ్చింది. బి కాస్తా సి అయింది. ఫైనల్ పరీక్ష బాగానే రాసింది పాపం.

ఆఫీస్ అవర్స్ అని ఒకటి ఉంటుందమ్మా. ప్రొఫెసర్ వారానికి రెండు మూడు గంటలు గది తలుపు తెరిచి పెట్టుకుని పిల్లల కోసమే కూర్చుంటాడు. మా అమ్మాయి అది ఆఫీసు పనివేళలు అనుకుని మూడు నెలలు అటు పోనేలేదు. తర్వాత తెలిసినా పోలేదు. ‘చిన్నాయనా, ఆ సార్ గదిలోకి పోవాలంటే కాళ్ళు ఆడలేదు’ అంది. తప్పు పిల్లది కాదు. మన కాలేజీల్లో హెచ్‌ఓడీ రూమ్‌కి పిలిచారంటే అటెండెన్స్ షార్టేజీయో, ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మనడమో. సార్ గది అంటే దోషిగా నిలబడే చోటు అని పదహారేళ్ళ నుంచి నేర్పించాం, నాతో సహా. రెండో సెమిస్టర్‌లో పోయింది. ప్రతి వారం, రాని ప్రశ్నలు రాసుకుని. మే నెలకి 3.1 దగ్గర నిలిచింది, ప్రొబేషన్ ఎత్తేస్తూ రెండు లైన్ల మెయిల్ వచ్చింది.

మీవాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఏ మార్కులు ఎక్కడ పోయాయి? హోంవర్కుల్లోనా, పరీక్షల్లోనా, ప్రాజెక్టులోనా? రెండో ప్రశ్న కొంచెం జాగ్రత్తగా అడగండి: రాత్రిళ్ళు బయట ఎక్కడైనా పని చేస్తున్నాడా? ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్న విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. పెట్రోలు బంకులోనో ఇండియన్ రెస్టారెంటులోనో అనుమతి లేకుండా చేస్తే మాత్రం 2.67 కంటే అది పెద్ద ప్రమాదం. లోన్ భారం గురించి మీరు ఫోన్లో ఎన్నిసార్లు అన్నారో వాడు అన్ని గంటలు పని వెతుక్కుని ఉండవచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, అడిగేటప్పుడు అది గుర్తుంచుకోండి. మూడోది, ఎవరి దగ్గరైనా అసైన్‌మెంట్లు రాయించుకోవడం, స్నేహితుడి కోడ్ తీసుకుని పెట్టెయ్యడం లాంటివి ఉంటే ఇవాళ్టితో మానెయ్యమనండి. గ్రేడు తగ్గితే గడువిస్తారు. కాపీ దొరికితే చాలాచోట్ల నేరుగా కోర్సులో ఎఫ్, ఆపైన విచారణ.

వీసా సంగతి. ప్రొబేషన్ లెటర్ ఒక్కదానివల్ల వీసా పోదు, స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే అర్హత కూడా పోదు. స్టేటస్ నిలబడేది ప్రధానంగా ఫుల్‌టైమ్ చదువు మీద. ఎంఎస్‌కి ఎక్కువ యూనివర్సిటీల్లో అది సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. ఆన్‌లైన్ క్లాసు అయితే ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. ఇక్కడే పిల్లలు తెలియక గుంతలో పడతారు. జీపీఏ కాపాడుకుందామని మధ్యలో ఒక కోర్సు డ్రాప్ చేస్తారు. గ్రేడు ‘డబ్ల్యూ’ అని పడుతుంది, జీపీఏకి దెబ్బ తగలదు, కానీ 9 కాస్తా 6 అయి స్టేటస్‌కే ఎసరు వస్తుంది. ఏ కోర్సు వదలాలన్నా ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే డీఎస్ఓ అనే అధికారి అనుమతి తీసుకోవాలి. అక్కడి పాఠాల పద్ధతి అలవాటు కాకో, ఇంగ్లీషు కష్టమయ్యో, తన స్థాయికి మించిన కోర్సు పడో ఇబ్బంది అయితే ఒకసారికి లోడు తగ్గించే అధికారం డీఎస్ఓకి ఉంది, అయినా సగానికి తగ్గకూడదు, తర్వాతి సెమిస్టర్‌కి మళ్ళీ పూర్తిగా చదవాలి. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టర్ లెటర్‌తో ఇంకో దారి ఉంది. మనసు బాగాలేకపోవడం కూడా అందులోకే వస్తుంది. లైసెన్సు ఉన్న సైకాలజిస్టు రాసినా చెల్లుతుంది. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో అడగండి.

డిస్మిసల్ దాకా పోతే మాత్రం పరిస్థితి వేరు. సెవిస్ అనే అక్కడి సర్కారు విదేశీ విద్యార్థుల జాబితాలో రికార్డు ముగిస్తే చదువు పూర్తిచేసినవాళ్ళకి ఇచ్చే 60 రోజుల వెసులుబాటు ఉండదు. అందుకే ఈ ఒక్క సెమిస్టర్‌ని అంత పట్టుకుని మాట్లాడుతున్నాను.

హైదరాబాద్ కన్సల్టెంట్‌కి రూపాయి కూడా పంపవద్దు. ‘క్లాసులకి పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం’ అన్న మాట మన తెలుగు పిల్లలు ఇదివరకే విన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన ఆంధ్రా పిల్లలే ఎందరో దిక్కుతోచక నిలబడ్డారు, కొందరి కాళ్ళకి రేడియో ట్యాగులు వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ అయితే అసలు లేనే లేదు, అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే వల వేయడానికి పెట్టిన నకిలీ. అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే. మీ కన్సల్టెంట్ చెప్పేది అలాంటి దొంగ సంస్థ కాకపోవచ్చు, గుర్తింపు ఉన్నదే కావచ్చు. అయినా చదువుతుండగానే ఉద్యోగం చేసుకునే అనుమతిని సీపీటీ అంటారు, అది మామూలుగా ఒక ఏడాది చదివాక, చదువులో భాగంగా ఇచ్చేది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద రావలసిన ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి పోతుంది. కంప్యూటర్ సైన్స్ లాంటివాటికి ఓపీటీ 12 నెలలు, ఆపైన 24 నెలల పొడిగింపు. లోన్ తీరేది ఆ మూడేళ్ళలోనే. దాన్ని రెండు లక్షలు ఎదురిచ్చి పోగొట్టుకుంటారా? పైగా ఎక్కడికి మారినా ఈ 2.67 ట్రాన్‌స్క్రిప్ట్ వెంట వస్తుంది.

తిరుపతిలో ఎంటెక్ మంచి ఆలోచనే, కాకపోతే సమయం ఇది కాదు. మన ఎంటెక్ అడ్మిషన్లు గేట్, పీజీఈసెట్ మీద వేసవి తర్వాత జరుగుతాయి. జనవరిలో వచ్చేస్తే చేతిలో ఏ సీటూ ఉండదు. అక్కడి 9 క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయని ఆశపెట్టుకోవద్దు. మే నెలలో గ్రేడ్లు వచ్చాక, 3.0 రాకపోతే, అప్పీలు కూడా కుదరకపోతే అప్పుడు ఈ మాట అనుకుందాం. అప్పుడు కూడా అది పరువు పోయిన పని కాదు.

మీరే యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కోవాలని అనుకుంటారేమో. చెప్పరు. అక్కడ 1974 నుంచి ఒక చట్టం ఉంది, ఫెర్పా అంటారు. కాలేజీలో చేరిన విద్యార్థి మార్కులు విద్యార్థివే, వాడు రాసివ్వకుండా తల్లిదండ్రులకి మామూలుగా చెప్పరు. ఫీజు మీరు కట్టినా అంతే. స్కూల్లో పేరెంట్స్ మీటింగులు పెట్టే మీలాంటివాళ్ళకి ఇది మింగుడుపడదు. కాబట్టి మీకు ఉన్న దారి వాడొక్కడే, వాడితో మాట తెగకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

అందుకే సంక్రాంతికి పిలిపించవద్దు. వాళ్ళ స్ప్రింగ్ సెమిస్టర్ క్లాసులు చాలాచోట్ల సరిగ్గా జనవరి మధ్యలోనే మొదలవుతాయి. మొదటి వారంలోనే సిలబస్, మొదటి హోంవర్కు. కాణిపాకం ప్రమాణం నేను వద్దనను, మన జిల్లాలో దానికున్న విలువ నాకు తెలుసు. కానీ ఆ ప్రమాణం అబద్ధమాడినవాడి మీద అనుమానంతో చేయించేది. మీవాడు మీకు అబద్ధం చెప్పలేదు, చెప్పలేక దాక్కున్నాడు.

మీ ఆయనకి ఈ వారంలోనే చెప్పండి. ఎలాగూ తెలుస్తుంది. లోన్‌లో ఆయన కో-అప్లికెంట్ అయి ఉంటారు, తర్వాతి విడత ఫీజు వదలడానికి ముందు చాలా బ్యాంకులు మార్కుల కాగితం అడుగుతాయి. బ్యాంకు కౌంటర్ దగ్గర తెలియడం కంటే ఇంట్లో భోజనం అయ్యాక తెలియడం మేలు. అంకె ఒక్కటీ చెప్పి ఊరుకోవద్దు. పైన వేసిన లెక్క కాగితం ముందు పెట్టండి. 24 ఉన్నాయి, 30 కావాలి. బస్సు ఇంజిన్ విప్పి మళ్ళీ బిగించే మనిషికి అది అర్థమవుతుంది.

ఇక ఫోన్. వాడు ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి. ‘నాన్నా, నాకు తెలిసిందిరా, కోపం లేదు. ఆదివారం అరగంట మాట్లాడు, లెక్క వేద్దాం’ అంటే చాలు. ఎవరు చెప్పారని వాడు అడిగితే మేనబావ పేరు దాచవద్దు, ఆ కుర్రాడు మంచిపనే చేశాడు. మాట్లాడినప్పుడు మొదట అడగవలసింది, డీఎస్ఓకీ, డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కీ మెయిల్ పెట్టాడా అని. పెట్టకపోతే మీరు ఫోన్లో ఉండగానే పెట్టమనండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ ఆఫీసులు చాలావరకు మూసి ఉంటాయి. కోర్సులు మార్చుకునే గడువేమో క్లాసులు మొదలైన వారం పది రోజుల్లో అయిపోతుంది. ఈ మధ్యలో దొరికే రోజులు చాలా తక్కువ.